ఆమేన్‌కు ముందు పడిన ఫోటో

కెమెరా కొన్న రోజు ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సులు రెండింటిని కావాలనే వదిలేశాను. ఎక్కితే కూర్చోవాలి, కూర్చుంటే కెమెరా సంచిలో పెట్టాలి. నా వల్ల కాలేదు. మల్లెపూలు మూరవేసే ఆమె మోచెయ్యి, చెరుకురసం బండి చక్రం, కండక్టరు చెవి వెనక పెన్ను, సీటు పట్టడానికి కిటికీలోంచి ఎవరో విసిరిన తువ్వాలు గాలిలో ఉండగా ఒకటి. ఆ తువ్వాలు తెల్లటి మసకగా పడింది. అయినా సరే, కాళ్ళు నేల మీద ఆనలేదు. ముప్పై ఐదేళ్ళ లెక్కల టీచరును, మెడలో నల్లపట్టీ వేసుకొని బస్టాండంతా తిరుగుతుంటే, మా స్కూల్లో చదివే పిల్ల వాళ్ళమ్మ దగ్గరికొచ్చి "ఏం మేడం, పేపర్లో పని చేస్తా ఉండారా ఇప్పుడు?" అని అడిగింది. కాదని చెప్పి ఆమెకూ ఒక ఫోటో తీశాను.

కెమెరా కొత్తదేం కాదు. ఆత్మకూరులో పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసే ఒకాయన ఇంకో రకం కెమెరాకు మారుతూ తన పాత డీఎస్‌ఎల్‌ఆర్‌ను నాకు అమ్మాడు. మంచి ఫోను ధరలో సగం కూడా కాలేదు. చేత్తో పట్టుకునే చోట రబ్బరు ఒక మూల లేచిపోయి ఉంటే, ఆయనే గమ్ పెట్టి అతికించి రెండు నిమిషాలు వేలితో అదిమిపట్టాడు. ఇచ్చేటప్పుడు రెండే పాఠాలు చెప్పాడు.

"కుడి కన్ను దీంట్లో పెట్టండి మేడం, ఎడమ కన్ను మాత్రం మూయబాకండి. బయట ఏం జరగతా ఉండాదో అది చూస్తా ఉండాల. మా పనిలో కన్ను మూస్తే అయిపోయినట్టే."

రెండో పాఠం ఇంకా బాగుంది. "బటన్ నొక్కినాక లోపల అద్దం పైకి లేస్తాది, టక్‌మని. ఆ రవ్వంత సేపు మీకు నల్లగా ఉంటాది. సరిగ్గా ఏ క్షణంలో ఫోటో పడతా ఉండాదో ఆ క్షణమే మీకు కనపడదు. భయపడబాకండి. దానికి కనపడతాది."

లెక్కల టీచరుకు నమ్మకంతో పనేముంటుంది? ఏదైనా రుజువు చేసి చూపించమంటాం. కానీ ఆ మాట నాకు భలే నచ్చేసింది. మొదటి వారమంతా ఆ టక్‌మనే చప్పుడు కోసమే వంటింట్లో పోపుల డబ్బాను కూడా ఫోటోలు తీశాను.

అమ్మా నాయనా ఉదయగిరి దగ్గర పల్లెలో ఉంటారు. ఆ శనివారం కెమెరా మెడలో వేసుకొనే ఇంట్లో అడుగుపెట్టాను. అమ్మ ఎగాదిగా చూసి "ఏంది పాపా అది, మెడలో బావి గిలక మాదిరి?" అంది. నాయన చెయ్యి చాపాడు. ఇచ్చాను. దానిని కంటికి ఆనించి ఉదయగిరి కొండ వైపు తిప్పి చాలాసేపు చూశాడు.

"కొండ ఇంత చిన్నగా అయిపోయిందేంది?"

"ఆ లెన్సు అంతే నాయనా. అంతా పట్టేట్టు చూపిస్తాది."

"దీనికన్నా నా కన్నే నయం" అని తిరిగి ఇచ్చేశాడు. ఇస్తూ ఇస్తూ టక్‌మని ఒకటి నొక్కాడు. ఆయన తీసిన ఆ ఫోటోలో సగం కొండ, సగం ఆయన వేలు ఉన్నాయి. తీసేయలేదు నేను, ఇప్పటికీ దాచుకున్నాను.

మరుసటి రోజు నెలలో మొదటి ఆదివారం. మాది తరాలుగా బాప్టిస్టు కుటుంబం. కెమెరా సంగతి అప్పటికే అయ్యగారి దాకా, అంటే మా పాస్టరుగారి దాకా పోయింది. సంఘం వార్షికోత్సవానికి ఫోటోలు కావాలి, కొన్ని తీయమ్మా అన్నారు. అడగడమే ఆలస్యం, చర్చిలో వెనక గుమ్మం దగ్గర ఒక మూల పట్టేశాను.

మొదటి ఆదివారం మాకు ప్రభు బల్ల ఉంటుంది. రొట్టె ముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షారసం అందరికీ ఇస్తారు. అందరికీ అంటే బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకు. మా సంఘంలో పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. పెద్దయ్యాక తనంతట తాను ఒప్పుకొని, నిండా నీళ్ళలో మునిగి లేవాలి. మా నాయన మునగలేదు. చిన్నప్పుడు బావిలో పడ్డాడట, తీసేసరికి ఊపిరి ఆడలేదట. ఆ భయం ఆయన్ను వదల్లేదు. బర్రెలు చెరువులో దిగితే కట్ట మీద నిలబడి కేకలు పెట్టడమేగానీ మోకాలు తడవనివ్వడు. పెళ్ళప్పుడు పాత అయ్యగారికి "తర్వాత తీసుకుంటాను" అని మాట ఇచ్చి తాళి కట్టాడు. ఆ తర్వాత అనేది నలభై ఏళ్ళు సాగింది. పాటలన్నీ అందరికంటే గట్టిగా పాడతాడు, బల్ల దగ్గరికి వచ్చేసరికి మెల్లగా లేచి బయటికి పోయి చెప్పుల దగ్గర నిలబడతాడు. నా చిన్నప్పటి నుంచీ అంతే. ఎవరూ అడగడం కూడా మానేశారు.

ఆ రోజు తీసిన ఫోటోలను ఇంటికొచ్చాక కెమెరా వెనకున్న చిన్న తెర మీద నాయనకు చూపిస్తున్నాను. ఆయనకు అంతా వింతగానే ఉంది. ఆ ముసలామె పళ్ళు పెట్టించుకుందా, ఈయన ఎందుకు ఆవలిస్తా ఉండాడు అని ఒకటే నవ్వు. ఒక ఫోటో దగ్గర ఆగిపోయాడు. ఆడవాళ్ళంతా తలలు వంచుకొని ఉన్నారు. అమ్మ చేతిలో రొట్టె ముక్క ఉంది. తల మాత్రం పక్కకు తిరిగి గుమ్మం వైపు చూస్తోంది.

"మీయమ్మ ఎవరిని చూస్తా ఉండాది?" అన్నాడు.

అమ్మ అక్కడే చిక్కుడుకాయలు తుంచుతోంది. తలెత్తకుండానే చెప్పింది. "చెప్పులకాడ నిలబడినోళ్ళని."

"ప్రతి తూరీనా?"

"నలభై ఏండ్లుగా నా తలకాయ ఆ పక్కకే తిరగతాది. మెడ అట్టనే పట్టేసింది."

నాయన కెమెరా నా ఒళ్ళో పెట్టి బర్రెల దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను ఆ ఫోటోలో వెలుతురు ఎంత బాగా పడిందో చూసుకొని మురిసిపోతున్నాను. నా తెలివి అంతవరకే. రెండు ఆదివారాల తర్వాత అమ్మ ఫోను చేసింది. ఆవిడ గొంతు అంత పైకి పోవడం నేనెప్పుడూ వినలేదు.

"మీ నాయన ఒప్పుకున్నాడు పాపా! మునగతాడంట! అయ్యగారికి చెప్పేసినాడు!"

నేను స్టాఫ్ రూములో ఉన్నాను. లేచి గంతేసినంత పని చేశాను. పక్క టీచరు ఏమైందని అడిగితే "మా నాయన మునుగుతున్నాడండీ" అన్నాను. పాపం, ఆమె హడలిపోయింది.

అమ్మ అసలు మాట తర్వాత చెప్పింది. వాళ్ళ పెళ్ళి ఫోటోలు తీసినాయన రీలు పాడు చేసుకున్నాడట, ఒక్కటీ రాలేదట. "ఇదన్నా సక్రమంగా తియ్యి. నీళ్ళలో మునిగి లేస్తాడే, ఆ లేసేటప్పుడు మొహం నాకు కావాల. గోడకు పెట్టుకుంటా."

"ఎన్ని కావాలంటే అన్ని తీస్తానమ్మా."

"అన్ని ఏం చేసుకునేది. అదొక్కటి చాలు నాకు."

అది ఒక్కసారే జరిగే పని. పెళ్ళి అయితే దండలు మళ్ళీ మార్పిస్తారు, తలంబ్రాలు మళ్ళీ పోయిస్తారు. బాప్తిస్మంలో రెండోసారి అనే మాటే లేదు. నేను మళ్ళీ ఆత్మకూరు ఫోటో ఆయన దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఒక మీట తిప్పి చూపించాడు. ఇక బటన్ నొక్కి పట్టుకుంటే చాలు, టకటకమని వరసగా పడుతూనే ఉంటాయి. ఆ శని, ఆదివారాల్లో మా ఊరి చెరువులో బర్రెల మీద సాధన చేశాను. బర్రె తల మునిగి పైకి లేచి ముక్కుతో నీళ్ళు చిమ్ముతుందే, సరిగ్గా ఆ చిమ్మడాన్ని పట్టుకోవాలి. పదిహేనో ప్రయత్నానికి పట్టేశాను! ఒక్కొక్క నీటి చుక్కా విడిగా, గాజుపూసల్లా. కట్ట మీద నేను వేసిన కేకకు బర్రెలన్నీ నా వైపు తిరిగాయి. అమ్మ ఊరంతా చెప్పుకుంది. "వాళ్ళ నాయన ఫోటో కోసం నా కూతురు బర్రెల మీద ప్రాక్టీసు చేస్తా ఉండాది."

మా ఊరి చెరువు అడుగంతా బర్రెలు తొక్కిన బురద, మా వైపు వాగుల్లో మునిగేంత నీళ్ళు లేవు. అనంతసాగరం దగ్గర కాలువకు పోదామన్నారు. తెల్లవారగానే రెండు వ్యానుల్లో బయలుదేరాం. దారంతా పాటలు, డప్పు, పులిహోర వాసన. నాయన కిటికీ పక్కన తెల్ల చొక్కా, తెల్ల పంచె కట్టుకొని కూర్చున్నాడు. రోజూ అందరికంటే గట్టిగా పాడే మనిషి ఆ రోజు పెదవులు మాత్రం కదిపాడు.

కాలువలో నీళ్ళు నిదానంగా పారే చోట మెట్లున్నాయి. అందరూ మెట్ల పైన గట్టు మీద వరసగా నిలబడ్డారు. నేను మాత్రం నీళ్ళలోకి దిగిపోయాను. అయ్యగారిని దాటి ఇంకాస్త లోపలికి పోయి నడుము లోతులో గట్టు వైపు తిరిగి నిలబడ్డాను. లేచే మనిషి మొహం, వెనక గట్టు మీద సంఘమంతా, రెండూ పడాలని నా ఎత్తు. మెడపట్టీ పొట్టిగా బిగించి, కెమెరా కంటికి ఆనించాను.

ఆ రోజు మునిగేవాళ్ళు ఏడుగురు. నాయన ఆఖరు. ముందు ఆరుగురూ వయసు పిల్లలు. అయ్యగారు మాట చెప్పడం, వెనక్కి వాల్చి ముంచడం, లేపడం. ప్రతి ఒక్కరిదీ పట్టాను. నీళ్ళు జుట్టు మీంచి జారుతూ, నోరు తెరిచి, నవ్వుతూ, ఒకమ్మాయి ఏడుస్తూ. ఇంత బాగా నేనెప్పుడూ తీయలేదు. ఇంక నాయనదే మిగిలింది.

నాయన ఒక్కో మెట్టూ దిగాడు. మోకాళ్ళు తడిశాయి, నడుము తడిసింది. అయ్యగారి చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. గడ్డం వణకడం నాకు లెన్సులోంచి కనిపిస్తూనే ఉంది. అయ్యగారు కూడా చూసినట్టున్నారు. ముందు ఆరుగురికీ చేయని పని ఒకటి చేశారు. చెయ్యి పైకెత్తి, గట్టు మీద వాళ్ళందరికీ వినపడేట్టు "పెద్దాయన కోసం ప్రార్థన చేద్దాం. అందరూ కళ్ళు మూసుకోండి" అన్నారు.

నేను కళ్ళు మూసుకున్నాను.

ఇప్పటికీ తల్చుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. ఎవరైనా మూసుకుంటారా? ఫోటో తీయడానికి నడుము లోతు నీళ్ళలో నిలబడిన మనిషి? కానీ అది నేను ఆలోచించి చేసిన పని కాదు. చిన్నప్పుడు ప్రార్థనలో కళ్ళు తెరిస్తే అమ్మ తొడపాశం పెట్టేది. ఎప్పుడు తెరిచినా సరిగ్గా పట్టేసేది. "నేను తెరిచినట్టు నీకెట్ట తెలిసింది? నువ్వు మూసుకోలేదా?" అని ఒకసారి అడిగినందుకు రెండో తొడకూ పడింది. ముప్పై ఏళ్ళ అలవాటు. ఆ మాట చెవిన పడగానే రెప్పలు వాటంతటవే వాలిపోయాయి, తల వంగింది, తలతో పాటు కెమెరా కూడా కిందికి దిగి గుండె మీద ఆగింది.

అయ్యగారు ప్రార్థిస్తున్నారు. నేను కూడా మనసులో, తండ్రీ, మా నాయనకు ధైర్యం ఇవ్వు అనుకుంటున్నాను. ఆయన ఆమేన్ అంటారు, అప్పుడు కళ్ళు తెరుస్తాం, అప్పుడు ముంచుతారు కదా. ఆయన ఆగలేదు. ప్రార్థనలోంచే "తండ్రి యొక్కయు, కుమారుని యొక్కయు, పరిశుద్ధాత్మ యొక్కయు నామములో" అనే మాటలోకి వెళ్ళిపోయారు. నాయన మళ్ళీ భయపడే వ్యవధి ఇవ్వకూడదని కాబోలు. దభీమని నీళ్ళ చప్పుడు. "ఆమేన్!" అని గట్టు మీద నుంచి సంఘమంతా ఒక్క గొంతుతో.

కళ్ళు తెరిచాను. నాయన లేచి నిలబడి ఉన్నాడు. దగ్గుతున్నాడు, మొహం తుడుచుకుంటున్నాడు, నవ్వుతున్నాడు. అయిపోయింది.

"పడిందా?" గట్టు మీద నుంచి అమ్మ కేక.

ఏదో ఒకటి పడిందన్నట్టు చెయ్యి ఊపాను. పక్కనే తల తుడుచుకుంటున్న ఒక పిల్లాడికి నా వాలకం అర్థమైనట్టుంది, "ఇంకోసారి ముంచితే పోదా అక్కా" అన్నాడు. అయ్యగారు నవ్వి "ఇది ఒక్కసారేరా" అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు, నాకే గుండెలో గుచ్చుకుంది.

వెనక్కి వచ్చేటప్పుడు వ్యానులో నాయన గొంతు మళ్ళీ అందరికంటే పైన వినపడింది. చెవిలో నీళ్ళు పోయాయేమో, శ్రుతి ఎక్కడో, ఆయన ఎక్కడో. అమ్మ నా పక్కనే కూర్చొని "చూపీ, చూపీ" అంటోంది. చిన్న తెర మీద ఆఖరి ఫోటో ఒక్కసారి చూశాను. వంకరగా గట్టు, నిలబడిన జనం, ఒక అంచున అయ్యగారి భుజం. నాయన లేడు. చప్పున ఆపేశాను. కంప్యూటర్లో ఎక్కిస్తేగానీ కనపడవని అబద్ధం చెప్పాను. ఇప్పుడే బాప్తిస్మం తీసుకొని వచ్చిన నాయన ఉన్న వ్యానులోనే కూర్చొని, అమ్మతో అబద్ధం.

ఇంటికి రాగానే అమ్మ నా ల్యాప్‌టాప్ ముందు పీట వేసుకొని కూర్చుంది. తడి తువ్వాలు భుజాన వేసుకొని నాయన వెనక నిలబడ్డాడు. ఇంక తప్పదు. ముందు ఆరుగురివీ చూపించాను. ఒక్కొక్కటీ ఎంత బాగున్నాయో అని అమ్మ పొంగిపోతోంది. ఆమె పొంగే కొద్దీ నేను కుంగిపోతున్నాను.

"అమ్మా, నాయనది పడలేదు" అన్నాను. "ప్రార్థన అంటే కళ్ళు మూసుకున్నా."

అమ్మ మొహంలో వెలుగంతా పోయింది. తిట్టలేదు. అదే బాధ. "పోనీలే" అంది, పీట మీద నుంచి లేవబోయింది.

అప్పుడు నా చెయ్యి తగిలి తర్వాతి ఫోటో వచ్చింది. మూడున్నాయి, వరసగా. దభీమన్న చప్పుడుకు ఉలిక్కిపడి నా వేలు బటన్ మీద బిగుసుకున్నట్టుంది, నాకు తెలియనే తెలియదు. మధ్యలోది పెద్దది చేశాను. చిన్న తెర మీద కనపడనిది ఇక్కడ కనపడింది. గట్టు మీద వరసగా నలభై మంది. నలభై మందీ తలలు వంచి, కళ్ళు మూసుకొని ఉన్నారు. వాళ్ళ ముందు ఒకే ఒక్క మనిషి, ఒక కాలు మెట్టు దిగి నీళ్ళలో, చీర కుచ్చిళ్ళు తడిసి, చెయ్యి ముందుకు చాచి, నోరు కొంచెం తెరిచి, కళ్ళు ఇంతింత చేసుకొని నీళ్ళకేసి చూస్తోంది. అమ్మ.

నవ్వాగలేదు నాకు. "దొరికినావమ్మా! ప్రార్థనలో కళ్ళు తెరిచినావా? నాకు ఎన్ని తొడపాశాలు పెట్టినావు!"

"మీ నాయన్ని నీళ్ళలో ముంచతా ఉంటే కళ్ళు మూసుకుంటారా ఎవురన్నా?" అమ్మకు నిజంగానే కోపం వచ్చింది. "లేస్తాడో లేదో అని నా పానం పోతా ఉండాది ఆడ. తీసెయ్ దాన్ని. నా మొహం ఎవరు అడిగినారు నిన్ను?"

నాయన కళ్ళజోడు తెచ్చుకున్నాడు. ల్యాప్‌టాప్ దగ్గరికి వంగి ఎంతసేపు చూశాడో.

"నేను యాడ ఉండాను దీంట్లో?"

"నువ్వు లేవు నాయనా. అప్పుడు నీళ్ళ కింద ఉండావు."

ఆయన మళ్ళీ చూశాడు. అమ్మ చాచిన చెయ్యిని వేలితో తాకాడు, తెర మీద.

"నన్ను పట్టుకోడానికి దిగినావా?" అన్నాడు. "నీకు ఈత వచ్చా?"

"రాదు" అంది అమ్మ. అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తల ఎప్పుడో ఆరిపోయింది. "ఇది పెద్దది చేయించు పాపా" అన్నాడు.

ఆత్మకూరులో ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి తెచ్చాను. అమ్మ వారం రోజులు వద్దంది, ఎనిమిదో రోజు తానే మేకు ఎక్కడ కొట్టాలో చూపించింది. ఇప్పుడు మొదటి ఆదివారం నాయన బయటికి పోడు. రొట్టె తీసుకొని, నమిలే ముందు ఒకసారి ఆడవాళ్ళ వైపు చూస్తాడు. అమ్మ మెడ నొప్పి తగ్గిందని నేను ఏడిపిస్తాను.

ఇంటికి ఎవరొచ్చినా గోడ మీది ఫోటో చూసి, ఇది మీ బాప్తిస్మం రోజుదేనంట కదా, మీరు కనపడరేంది అని అడుగుతారు. నాయన లేచి వెళ్తాడు. ఫ్రేము కింద, అమ్మ తడిసిన కాలికి కాస్త దిగువన, ఉత్త సున్నం గోడ మీద వేలు పెట్టి చూపిస్తాడు.

"ఈడ ఉండాను. మా ఆడమనిషి చూస్తా ఉండాదే, ఆడ."